రేకు, రథము, రథకారుడు: ఫలక్‌నుమా పరిసరముల లోహకారవృత్తి చరిత్రమున నొక ప్రకరణము

ఫలక్‌నుమా యను పేరునకు ఆకాశమును అద్దమువలె చూపునది యని యర్థము చెప్పుదురు. హైదరాబాదు పాతనగరమునకు దక్షిణమున, చార్మినారునకు సుమారు అయిదు కిలోమీటర్ల దూరమున, కొండకొమ్ముపై పైగా వంశీయుడగు నవాబు వికారుల్ ఉమ్రా 1884లో ఆ భవనమునకు పునాది వేయించెను. పని ముగియుటకు తొమ్మిదేండ్లు పట్టెను. 1897లో నది ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభువు వశమయ్యెను. ఆ ప్రభువు 1911 ఆగష్టులో నచ్చటనే దేహము చాలించెను. ఆపై చాలకాలము మూతబడియున్న యా భవనము 2010లో తాజ్ కంపెనీవారి యాజమాన్యమున హోటలుగా తెఱవబడినది. ఈ సంగతు లనేక గ్రంథములలో నున్నవి, చదువరులు వినియుందురు. మే మిచ్చట వ్రాయదలచినది మేడను గూర్చి గాదు. ఆ ప్రభువు కోరి తెప్పించిన యొక వాహనమును గూర్చియు, అట్టి వాహనముల రేకును సుత్తితో దిద్దు చేతులను గూర్చియు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మహబూబ్ అలీఖాన్ ప్రభువు తన జీవితపు తుదిదినములలో ఇంగ్లండుదేశపు రోల్స్‌రాయిస్ కంపెనీవారి ‘సిల్వర్ ఘోస్ట్’ అను మోటారుబండి నొకదానిని దర్బారు వాహనముగా కోరెను. బండి నగరము చేరకమునుపే ప్రభువు గతించెను. కుమారుడగు మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున నది వాడుకకు వచ్చినది. పసుపు నిజాముల రాజవర్ణము గావున బండికి పసుపు వన్నె. వెనుకభాగమున ప్రభువు కూర్చుండుటకు సింహాసనమువలె ఎత్తైన పీఠము. అందుచే దానిని ‘సింహాసనపు కారు’ అని వ్యవహరింతురు. ఇప్పుడది పునరుద్ధరింపబడి చౌమహల్లా భవనమున ప్రదర్శనమం దున్నది. దానిని చూచువారు పేరులు రెండు విందురు: కోరిన ప్రభువు పేరు, చేసిన కంపెనీ పేరు.

కంపెనీ పేరు చెప్పుటలో కొంత విచారణ వలయును. ఆ కాలమున రోల్స్‌రాయిస్‌వారు యంత్రమును, చట్రమును, చక్రములను మాత్రమే చేసి యిచ్చువారు. బండికి శరీరము తొడుగుట వేఱువారి పని. ఈ బండికి శరీరము తొడిగినవారు లండనులోని బార్కర్ కంపెనీవారు; గుఱ్ఱపుబగ్గీలు కట్టుటలో రెండువందల యేండ్ల పేరు గలవారు. ఆ బార్కర్ కంపెనీ 1938లో దివాలా స్థితికి వచ్చి మఱియొక కంపెనీలో లీనమై పోయినది. కావున నేడు ఇట్టి బండి మడ్‌గార్డు ఒకటి చిల్లులుపడినచో, కొట్టున కేగి క్రొత్తది కొనుట యన్నమాట లేదు. పోనీ, బార్కర్‌వారు జీవించియున్నను అచ్చులేమియు నుండవు. వారును చేతితోనే కొట్టిరి. 1914 మొదలుకొని అమెరికాలో బడ్ కంపెనీవారు డాడ్జ్ సోదరుల బండ్లకు ఉక్కురేకు శరీరములను పెద్దయచ్చులలో నొక్కి వేలకొలదిగా తీయ మొదలిడిరి. దానికి ముందటి బండ్లును, దాని తరువాతకూడ చిరకాలము రాజులకై చేయబడిన బండ్లును ఒక్కొక్కటియు ఒక్కొక్క చేతి పని. చేయి పాడుచేసిన దానిని గాని, కాలము పాడుచేసిన దానిని గాని చేయియే బాగుచేయవలయును.

అట్టి మేలిబండి శరీర మెట్లుండునో కొంచెము చెప్పినచో మనవారి కీ విషయము పరాయిదిగా తోచదు. లోపల కొయ్యతో పంజరము కట్టుదురు. ఇది వడ్రంగి పని. దానిని చట్రమున బిగించు ఇనుపకమ్ములు, మడతబందులు కమ్మరి పని. పంజరముపై తొడుగు అల్యూమినియపు రేకు గాని ఉక్కురేకు గాని కంచరి పని. దీపములకు, పిడులకు వెండినీరో బంగారునీరో పట్టించుట స్వర్ణకారుని పని. ఇక ముందుభాగమున నుండు స్త్రీమూర్తి, 1911లో చార్లెస్ సైక్స్ అను శిల్పి కల్పించినది, మైనపుబొమ్మపై మట్టి పూసి మైనమును కరగించి లోహమును పోయు విధమున పోయబడినది. మన మధూచ్ఛిష్టవిధాన మదియే. పండ్రెండవ శతాబ్దమున చాళుక్య సోమేశ్వరుడు రచించిన ‘మానసోల్లాస’మున ఈ విధానము సవిస్తరముగా నున్నది. మను, మయ, త్వష్టృ, శిల్పి, విశ్వజ్ఞులను అయిదు పేరులతో మనవారు చెప్పుకొను పంచవృత్తులును ఒక్క బండిలో చేరియున్నవి.

ఇంతమాత్రము చెప్పి మేము ఆగిపోవుదుము. ఇట్టి సంచికలలో కొందఱు మిత్రు లిక్కడనుండి ఎగిరి, ఋగ్వేదకాలముననే మనవారు మోటారుబండ్లు చేసిరని వ్రాయుట మే మెఱుగుదుము. నాల్గవ మండలమున ఋభువులు అశ్వినీదేవతలకు గుఱ్ఱములు లేని, పగ్గములు లేని, మూడుచక్రముల రథమును చేసిరని యున్నమాట నిజమే. అది దేవతల రథవర్ణనము. కవి మహిమను చెప్పుచున్నాడు, కొలతలు చెప్పుటలేదు. ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు సంస్కృతము చెప్పిన మాకు ఆ మంత్రమునందు పెట్రోలువాసన యెన్నడును సోకలేదు. ఋభువుల కథలో మన వృత్తికి నిజముగా దగ్గఱయైన భాగ మింకొకటి యున్నది. దానిని మనవారు తలపరు. వారు జరాజీర్ణులైన తలిదండ్రులను మరల యౌవనవంతులను చేసిరట. త్వష్ట చేసిన ఒక్క పాత్రను నాలుగు చేసిరట. పాతదానిని క్రొత్త చేయుట, ఉన్నలోహము నింకొకరూపునకు తెచ్చుట: దేవతాపదవి వారికి ఈ పనులవలన వచ్చినది.

వేదమునుండియే మఱియొక మాట తెచ్చెదము. దీనితో మాకు పని యున్నది. అగ్న్యాధానము చేయుటకు బ్రాహ్మణునికి వసంతము, క్షత్రియునికి గ్రీష్మము, వైశ్యునికి శరత్తు విధింపబడినట్లే రథకారునికి వర్షర్తువు విధింపబడినది. ఈ రథకారు డెవడు? జైమిని మహర్షి పూర్వమీమాంస ఆఱవ యధ్యాయమున దీనికై ప్రత్యేకముగా నొక యధికరణమే నడపెను. రథమును చేయువాడెల్ల రథకారుడా, లేక ఆ పేరు గల ప్రత్యేకజాతివాడా యని సంశయము. మొదటిది యోగార్థము, రెండవది రూఢ్యర్థము. యోగముకంటె రూఢి బలవత్తరము గావున సౌధన్వనులను జాతివారే రథకారులని సిద్ధాంతము. ఋభువులు సుధన్వుని కుమారులగుటచే మన పెద్దలు ఈ యధికరణమును మిక్కిలి ప్రీతితో ఉదాహరింతురు. మేమును సభలయందు ఉదాహరించితిమి. యజ్ఞశాలలో ఆ న్యాయము చెల్లును. కొట్టములో చెల్లునా యనునది క్రింద తెలియును.

రేకుపనిలో మన దేశమున అనుభవము లేకపోలేదు. రథమునకు రేకు తొడుగుట తెలుగునాట క్రొత్త గాదు. హైదరాబాదునుండి వరంగల్లునకు పోవు దారిలో జనగామ దాపున పెంబర్తి యను గ్రామ మున్నది. అచ్చటి విశ్వకర్మ కుటుంబములవారు ఇత్తడిరేకుపై ఉబ్బుచిత్రములు కొట్టుటలో ప్రసిద్ధులు. కాకతీయుల కాలమున రథములకు, విగ్రహములకు రేకుతొడుగులు వారి పూర్వులే చేసిరని పరంపరాగతమైన వార్త. నేడు ఆ పనికి భౌగోళిక గుర్తింపును లభించినది. గరుడవాహనము, హంసవాహనము, శేషవాహనము అని మనము దేవాలయములలో చూచునవి చాలవఱకు లోపల కొయ్య, పైన రేకు. 2013లో తిరుమల శ్రీవారికి సమర్పింపబడిన నూతన స్వర్ణరథమునందును కొయ్యపై రాగిరేకు, ఆ రేకుపై బంగారమే. కొయ్యపంజరముపై రేకు తొడిగిన వాహన మనగా, బార్కర్‌వారి బండికిని మన ఉత్సవవాహనమునకును నిర్మాణసూత్ర మొక్కటే.

వాహనములు ఏటేట ఊరేగుటవలన మూలలు నలగును, మేకులు వదలును, చిలుము పట్టును. పండ్రెండేండ్లకో ఇరువదియేండ్లకో రేకు విప్పి, నలిగిన తావులను లోపలినుండి కొట్టి లేపి, చినిగిన తునకలకు మాఱుగా క్రొత్త తునకలను అదే చిత్రముతో కొట్టి అతుకుదురు. గుగ్గిలము, ఇటుకపొడి, నూనె కలిపి కాచిన ముద్దపై రేకును అతికించి ఉలులతో చిత్రము దింపుదురు. ముద్ద గట్టిగా నుండియు దెబ్బకు లొంగును గావున రేకు చిరుగదు. దీనిని జీర్ణోద్ధరణ మందురు. ఇంగ్లీషువారు ఇప్పుడు పాతబండ్ల విషయమున ఎంతో గౌరవముతో చెప్పు పని, మన కంచరి ప్రతి బ్రహ్మోత్సవమునకు ముందు గుడిమండపమున కూర్చుండి చేయుచుండిన పనియే.

అయితే కంచరివృత్తి పంతొమ్మిదవ శతాబ్దమున నొక పెద్ద దెబ్బ తినెను. పూర్వము రాగిదిమ్మను కొలిమిలో కాల్చి సమ్మెటలతో కొట్టి రేకు చేసికొనుట కంచరి పనిలోని భాగము. నలుగురైదుగురు సమ్మెటలు వంతులుగా వేయవలయును; ఒక కుటుంబమునకు చాలదు, వీథియంతయు కూడవలయును. మరలలో నొత్తిన రేకు ఓడలపై దిగుమతి యగుటతో ఆ పని పోయినది, ఆ వీథికూటమియు పోయినది. అటుపిమ్మట అల్యూమినియము వచ్చినది. మద్రాసు చిత్రకళాశాలయందు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ దొర 1898 ప్రాంతమున అల్యూమినియపు పాత్రలు చేయించుట ఆరంభించెను. 1900లో దానికై కంపెనీయే ఏర్పడెను. రాగి కొట్టిన చేతులే తెల్లలోహమును కొట్టనేర్చెను. మద్రాసున అన్నపుగిన్నె యైన లోహమే లండనున రాజుల బండికి చర్మ మయ్యెను.

మన నగరమునకు వత్తము. నిజాము స్టేటు రైల్వేవారు 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణాశాఖను నెలకొల్పిరి. ఆల్బియన్ అను స్కాట్లండు కంపెనీవారి బండ్లవి. 1942లో హైదరాబాదు ఆల్విన్ మెటల్ వర్క్స్ ఏర్పడి బీరువాలు, బస్సు శరీరములు చేయసాగెను. ఆ కార్ఖానా ఇప్పుడు లేదు గాని, ఒక తరమునకు అది పాఠశాల. పాతనగరమునందలి రేకుపనివారిలో వృద్ధులు పలువురు ఆల్విన్ పేరు గాని బస్సుడిపోల పేరు గాని చెప్పకుండ తమ వృత్తికథను మొదలుపెట్టరు. ఆల్విన్‌లో చేరిన కంచరి కొడుకు ఆల్విన్ మూతబడినపుడు కంచరియై తిరిగి రాలేదు. ఇత్తడిబిందె స్థానమున స్టీలుబిందెయు, దాని స్థానమున ప్లాస్టికుబిందెయు వచ్చియుండెను. అతడు రోడ్డుప్రక్కన రేకులకొట్టము వేసికొని, దెబ్బతిన్న బండ్ల సొట్టలు తీయ నారంభించెను. వీథిలో దానికి డెంటింగు పని యని పేరు. తన తాత వృత్తియే తాను చేయుచున్నానని అతనికిని తోచలేదు, మనకును తోచలేదు. మన సంఘపు పాతజాబితాలలో కమ్మరి, వడ్రంగి, కంచరి, కాసె, కంసాలి అని వృత్తులు కనబడును. డెంటింగు చేయు మనవాడు ‘ఇతరములు’ అను గడిలో పడియున్నాడు.

షంషేర్‌గంజ్, అలియాబాద్ మీదుగా ఫలక్‌నుమాకు పోవు దారిలో ఇంజన్‌బౌలి యను పేట యున్నది. గడచిన వేసవిలో, ఒక పాతబండికి మడ్‌గార్డు చేయుచున్నారని విని మే మా దాపుననున్న యొక కొట్టమునకు పోయితిమి. పనివాడు డెబ్బదియేండ్లు దాటిన మహమ్మదీయుడు. అందఱు ఉస్తాద్ అని పిలుతురు. మేము రెండు పగళ్లు కూర్చుండి చూచిన దానిని ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాము. ఏలన దీనిని వ్రాసినవారు మా కెఱుక నింతవఱకు లేరు.

రేకును గొట్టమువలె ఒకవైపునకు వంచుట పెద్దపని గాదు, బాలుడును వంచును. మడ్‌గార్డు అట్లు గాదు. చక్రము చుట్టు ఒకవంపు, అడ్డముగా నింకొక వంపు, అనగా కడవపొట్టవంటిది. చదునురేకునుండి కడవపొట్ట రావలెనన్న, నడుమ లోహము పెరుగవలయును, లేదా అంచున లోహము తఱుగవలయును. నడుమ పెంచుటకు ఇసుకసంచిపై గాని గుంటచేసిన కొయ్యదిమ్మపై గాని రేకు పెట్టి గుండ్రనిమొన గల కొయ్యసుత్తితో కొట్టుదురు. రేకు పలుచనై సాగి పొంగును. అంచున తగ్గించుటకు రేకంచును చీర కుచ్చిళ్లవలె మడతలు పెట్టి, ఆ మడతలు జాఱిపోకుండ కొసనుండి లోనికి కొట్టుకొనుచు వత్తురు. కుచ్చి తనలో తా నణగి అంచు పొట్టియై దళసరి యగును. రెంటిని పాళముగా వాడువాడు పనివాడు. నడుమ సాగించుట యొక్కటే తెలిసినవాని రేకు పొరపొచ్చెములుగ చిరుగును.

అల్యూమినియ మైనచో ఇంకొక చిక్కు. సుత్తిదెబ్బలకు లోహము గట్టిపడి మొండికెత్తును, కాచి మెత్తపఱచవలయును. రాగి ఎఱ్ఱబడి తన స్థితిని చెప్పును. అల్యూమినియ మెఱ్ఱబడకయే 660 డిగ్రీలయొద్ద ఒక్కుమ్మడి కరగిపోవును. ఉస్తాదు బట్టలసబ్బు ముక్కతో రేకుపై గీతలు గీసి క్రిందనుండి మంట చూపెను. గీతలు గోధుమవన్నెనుండి నల్లవన్నెకు మాఱగానే మంట తీసివేసెను. ఆ సబ్బుగీతయే అతనికి ఉష్ణమాపకము.

రూపు వచ్చిన పిదప నునుపు చేయుట. నునుపుదేలిన ఉక్కుదిమ్మపై రేకును ఆనించి చదునుసుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేలకొలది వేయవలయును. దిమ్మ క్రింద నున్నచోటనే సుత్తి పడెనా ‘టంగు’మని మ్రోగును, తప్పెనా ‘డబ్బు’మనును. శిష్యుడు కొట్టుచుండగా ఉస్తాదు అవతల టీ త్రాగుచు తల యెత్తకయే “ఎడమకు” అనుచుండెను. పిమ్మట పలుచని గుడ్డను అరచేతి క్రింద పెట్టి రేకుపై జరిపి మిట్టపల్లములు చూచెను. కన్ను నిగనిగకు మోసపోవును, చేయి మోసపోదని అతని మతము. మిట్టలు తేలుటకు ఆకురాయి నొక్కమాఱు తేలికగా లాగును; మెఱసినచోటు మిట్ట, మెఱయనిది పల్లము. ఉక్కురేకు అతిగా సాగి బుడగ కట్టినచో, రూపాయిబిళ్లంత చోటును ఎఱ్ఱగ కాల్చి రెండు దెబ్బలు వేసి తడిగుడ్డ నద్దును. బుడగ చప్పున కుదించుకొనిపోవును. తుదకు అంచుచుట్టు ఇనుపతీగె పెట్టి రేకును దానిపై చుట్టి కుట్టువలె అణచును. ఆ తీగెయంచు పాతమడ్‌గార్డుకు బలము, అందమును. ఇప్పటి అచ్చురేకులకు అది యుండదు గావున చూచినంతనే పాతపని తెలియును.

శిష్యునికి ఇరువదియేండ్లుండును. తొందరపాటున గట్టిగా నొక దెబ్బ వేసెను. ఉస్తాదు కోపింపలేదు. మా వైపు తిరిగి, “గట్టిగ కొడ్తే రేకు సాగుతది మాస్టర్ సాబ్. సాగినంక దాన్ని ఏడ దాచిపెడ్తడు వీడు?” అనెను. లోహశాస్త్రమున ఎన్నిపుటలు చదివినను మా కింత తేటగా తెలియలేదు. సాగిన లోహ మెక్కడికిని పోదు. ఎచ్చటనో ముడుతయై తేలును. పుట్టీ మెత్తి దానిని కప్పుట నేటి యలవాటు. పూర్వులు తగరసీసముల మిశ్రమమును కరగించి, కొవ్వు రాచిన కొయ్యబద్దతో వెన్నవలె దిద్ది పల్లములు నింపెడివారు. ఉస్తాదు రెండును చేయగలడు గాని, పుట్టీని గూర్చి మాటాడునపుడు మన వంటవారు డాల్డాను గూర్చి మాటాడునట్లు మాటాడును.

ఈ పని తన కెవరు నేర్పిరని మేమడిగితిమి. పెంబర్తివైపునుండి వచ్చి బస్సుకార్ఖానాలో పనిచేసిన యొక కంచరి యని చెప్పెను. పేరేమన్న, “చారీ ఉస్తాద్ అంటుంటిమి” అనెను. చారి యనునది మనలో వేలమందికి గల పేరు. ఇంటిపేరు, ఊరిలోని చోటు, సంతానము ఏమియు తెలియరాలేదు. మనవాని విద్య యొక మహమ్మదీయుని చేతిలో నిలిచియున్నది. మనవాని పేరు మనలో నెవ్వరియొద్దను లేదు. ఇప్పుడు జైమిని సిద్ధాంతమును తెచ్చి ఈ యుస్తాదునకు రథకారత్వము లేదని మేము చెప్పవలయునా? ఆ కొట్టమున కూర్చున్నంతసేపు మాకు పూర్వపక్షమే సిద్ధాంతముగా తోచినది: రథము చేయువాడు రథకారుడు. పాతనగరమున నేడు రేకుపని మన కులమువారి చేత నున్నది కొంత, మహమ్మదీయుల చేత నున్నది అంతకంటె నెక్కువ. మన సంచికలో ఆ మాట దాచి వ్రాసిన చరిత్ర, పుట్టీ మెత్తిన మడ్‌గార్డువంటిది.

సమీపముననే బహదూర్‌పురాలో 2010నుండి సుధా కార్ల మ్యూజియ మున్నది. కన్యబోయిన సుధాకర్‌గారు తుక్కునుండి బూటు, వంకాయ, క్రికెట్‌బ్యాటు మొదలగు ఆకారములలో నడచు బండ్లు చేసి చూపుచున్నారు. 2005లో వారు చేసిన పెద్ద మూడుచక్రముల సైకిలు గిన్నిస్ పుస్తకమున కెక్కినది. వినోదమని నవ్వి వచ్చువారు వచ్చుదురు గాక. వంకాయ ముచ్చిక దగ్గఱ రేకు రెండువైపుల వంగుట నొకమాఱు చేతితో తడిమి చూడుడు. పాతనగరమున ఇట్టి చేతు లింక నున్నవనుటకు అది బహిరంగ సాక్ష్యము.

ఈ విద్యకు ఇప్పుడొక అవసరమును వచ్చినది. 2021 జూలైలో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖవారు పురాతన వాహనముల నమోదుకు ప్రత్యేకనియమములు ప్రకటించిరి. మొదటి నమోదునుండి 50 ఏండ్లు దాటి, చట్రమునందు గాని పైశరీరమునందు గాని యంత్రమునందు గాని పెద్దమార్పు లేక తొలిరూపముననే రక్షింపబడిన సొంతవాహనములకు ఆ గుర్తింపు. అట్టి బండి సంఖ్యలో ‘వీఏ’ అను రెండక్షరము లుండును. క్రొత్తనమోదుకు రుసుము రూ. 20,000. తొలిరూపమన్న మాటను గమనింపుడు. ఇప్పటి బండి రేకును కోసి పాతబండికి తగిలించినచో తొలిరూపము పోవును. కావున చిల్లుపడిన బండిని అదే వంపుతో, అదే తీగెయంచుతో నిలుపగల చేయి యున్నగాని ఆ యిరువది వేలకును అర్థము లేదు. సంపన్నులు పాతబండ్లను మక్కువతో కొనుచున్నారు. దిద్దువానికై బొంబాయి మొదలగు దూరదేశములకు పంపుచున్నారు. ఫలక్‌నుమా క్రింది కొట్టములలో నుండువాడు స్కూటరు సొట్టలు తీయుచున్నాడు.

ప్రభుత్వసహాయమున్నదా యన్న నున్నది. 2023 సెప్టెంబరు 17వ తేదిని విశ్వకర్మజయంతినాడు మన కులదైవము పేరుననే కేంద్రప్రభుత్వమువారు పీఎం విశ్వకర్మ పథకమును ఆరంభించిరి. పనిముట్లకు రూ. 15,000 వఱకు సాయము, శిక్షణకాలమున దినమునకు రూ. 500 భృతి, రెండు విడతలుగా 3 లక్షల రూపాయలవఱకు నూటికి అయిదు వడ్డీపై ఋణము. మంచిపథకమే. దానిలో పేర్కొనిన వృత్తులు 18. వడ్రంగి యున్నాడు, కమ్మరి యున్నాడు, స్వర్ణకారు డున్నాడు, శిల్పి యున్నాడు. సుత్తులు పనిముట్లు చేయువాడును, తాళములు చేయువాడును ఉన్నారు. మేము పట్టికను రెండుమాఱులు చదివితిమి. కంచరి లేడు. విశ్వకర్మ పేరుగల పథకమున ఆ విశ్వకర్మ యైదుగురు కుమారులలో నలుగురికి చోటు దొరికినది, త్వష్టకు దొరకలేదు. రాగి, ఇత్తడి, అల్యూమినియపు రేకులను చేతితో రూపుదిద్దువాడు కమ్మరినని చెప్పుకొనిన గాని ఆ ద్వారమున ప్రవేశింపజాలడు.

ఈ సంవత్సరపు సభలో తీర్మానములు పలు గలవు. అందు కంచరివృత్తిని, దానితోపాటు వాహనముల రేకుపనిని పట్టికలో చేర్పవలసినదిగా కోరుచు నొక తీర్మానమును చేర్పుడని కార్యనిర్వాహకులను ప్రార్థించుచున్నాము. అది చేరినచో మనవాడు బాగుపడును, ఉస్తాదు శిష్యుడును బాగుపడును. అందువలన మనకు నష్ట మేమియు లేదు. విద్యార్థివేతనము లిచ్చు దాతలు ఏటేట ఇంజినీరింగు చదువువారికే యిచ్చుచున్నారు. ఒక్క సంవత్సరము ఒక్క పిల్లవానిని రెండేండ్లపాటు ఇట్టి కొట్టమున కూర్చుండబెట్టి అతని కూలినష్టమును భరింతురా యని మా ప్రశ్న.

మఱియొక పనికి డబ్బుతో నిమిత్తము లేదు. ఉస్తాదు ఇంటిభాష ఉర్దూ. సుత్తిని హథోడా యనును, కత్తెరను కైంచీ యనును. రేకు క్రింద పెట్టు ఉక్కుదిమ్మను మాత్రము ‘దాగలి’ యనెను. పనిముట్టుతోపాటు గురువు మాటయు వచ్చినది. ఇట్టి మాటలను మేము ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుచున్నాము. ఇంతవఱకు ముప్పదియాఱు పోగైనవి. అందు పదునొకటి మాయొద్ద నున్న నిఘంటువులలో కనబడలేదు. ఇండ్లలో తాతల పెట్టెలు, అటుకలపై తుప్పుపట్టిన సుత్తులు గలవారు వానిని తూకమున కమ్మకమునుపు, ఒక్కొక్కదాని పేరేమో, దేనికి వాడుదురో, వాడిన మనిషి పూర్తి పేరేమో ఒక కార్డుముక్కపై వ్రాసి సభాకార్యాలయమున నొసగవలయును. తాత పేరు తెలిసి పనిముట్టు పేరు తెలియకున్నను సరే. పనిముట్టును తెండు, ఉస్తాదు నడుగుదము.